మెట్ల మీద దిగే ఆ ముసుగావిడ ఎవరు?

ప్రశ్న: మా పాప ఫోన్లో ఒక పాత ఫోటో చూసింది. పెద్ద బంగళాలో మెట్ల మీంచి ముసుగేసుకున్న ఆడమనిషి ఎవరో దిగుతున్నట్టు ఉంటుంది, ఇంగ్లండులో దెయ్యాన్ని తీసిన అసలు ఫోటో అంట. అప్పట్నుంచి చీకటిపడితే మేడ ఎక్కట్లేదు. అది నిజమేనాండీ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, అది నార్ఫోక్‌లోని రేనమ్ హాల్, టౌన్‌షెండ్ వంశంవాళ్ళ ఇల్లు. గోధుమరంగు గౌనులో కనపడుతుందని ఆ దెయ్యాన్ని బ్రౌన్ లేడీ అంటారు. ఆవిడ డొరొతీ వాల్‌పోల్, బ్రిటన్ మొదటి ప్రధానిగా చెప్పుకునే రాబర్ట్ వాల్‌పోల్‌కి స్వయానా చెల్లెలు. మొగుడు అనుమానంతో గదిలో పెట్టి తాళం వేశాడని, పిల్లల మొహం కూడా చూడనివ్వలేదని, అక్కడే ప్రాణం పోయిందని కథ. రికార్డుల్లో మాత్రం 1726లో మశూచితో పోయినట్టుంది, అప్పటికి ఆవిడకి నలభై కూడా నిండలేదు.

నావికాదళంలో పనిచేసి నవలలు రాసిన కెప్టెన్ మారియట్ ఓసారి అక్కడ బస చేస్తే, రాత్రి వరండాలో ఆవిడ దీపం పట్టుకుని ఎదురొచ్చి వికృతంగా నవ్విందని, పిస్తోలు పేలిస్తే గుండు వెళ్ళి వెనక తలుపులో దిగిందని ఆయన కూతురు ఎన్నో ఏళ్ళ తర్వాత రాసింది.

ఇక ఫోటో సంగతి. 1936 సెప్టెంబరు 19న ఇద్దరు ఫోటోగ్రాఫర్లు ఆ మెట్లని తీస్తున్నారు, ఒకాయన కెమెరా వెనక నల్లగుడ్డ కింద తలపెట్టి ఉన్నాడు, రెండో ఆయన ఏదో ఆకారం దిగుతోందని కేకేసి ఫ్లాష్ నొక్కాడు, గుడ్డ కిందున్నాయనకి మాత్రం ఏమీ కనపళ్ళేదు. అది ఆ డిసెంబరులో కంట్రీ లైఫ్ పత్రికలో అచ్చయ్యాక ప్రపంచమంతా పాకింది.

పాపని పక్కన కూర్చోబెట్టుకుని పగటిపూట ఆ ఫోటో పెద్దది చేసి చూడండమ్మా. ఒక్కో మెట్టు పైన పల్చటి తెల్లగీత ఉంటుంది. కుడివైపు పిట్టగోడ కమ్మీ పైన వెలుగుమరక రెండుసార్లు పడి ఉంటుంది. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడితే వచ్చే గుర్తులివి, పరిశీలించినవాళ్ళు ఎప్పుడో చెప్పారు, నేనూ అదే నమ్ముతాను. ఆ గీతలు పాపనే వేలుపెట్టి లెక్కపెట్టమనండి. నాకైతే ఆ ఫోటో కన్నా డొరొతీ మీదే మనసు పోతుంది, జబ్బుతో పోయిన మనిషిని పట్టుకుని ఏళ్ళ తరబడి పిల్లల్ని జడిపిస్తున్నారు. ఆవిడ సంగతి కూడా పాపకి చెప్పండి.