బాపు బొమ్మలు చూసి గీస్తే లైన్ డ్రాయింగ్ వస్తుందా?

వస్తుంది, ట్రేసింగ్ దగ్గరే ఆగిపోకపోతే. ఒక్క బొమ్మే తీసుకోండి. హెచ్‌బి పెన్సిల్‌తో లీలగా కొలతలు పెట్టుకోండి: తలకు ఒళ్లు ఎన్ని రెట్లుంది, మెడ ఎటు వాలింది. ఇంకు ఆ తర్వాతే. బాపు గీతకు అందం లావు సన్నాల్లోనే ఉంది. జెల్ పెన్నుతో అది రాదు. ఒత్తితే విచ్చుకునే పాళీగానీ, 2వ నంబరు గుండ్రటి బ్రష్షుగానీ కావాలి. వాలుజడ లాంటి పొడవాటి గీతను మణికట్టుతో కాదు, మోచేతితో ఒక్క ఊపులో లాగండి. భయపడుతూ గీస్తే వణుకు కనిపిస్తుంది. పల్చటి కాగితం మీదైతే ఇంకు పాకుతుంది, అది మీ చేతి తప్పు కాదు.

మర్నాడు అసలు బొమ్మ చూడకుండా గీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన గీయకుండా వదిలేసిన చోట్ల మీరు గీతలు పెట్టేసి ఉంటారు.