‘అర్ధ నిర్లక్ష్యం’ అనవచ్చా?

సందేహం: పక్షవాతం వచ్చినవారి ఇంటివాళ్ళ కోసం తెలుగులో ఒక కరపత్రం తయారుచేస్తున్నాం. మెదడులో కుడివైపు పెరైటల్ లోబ్ అనే భాగం దెబ్బతింటే వచ్చే ‘నెగ్లెక్ట్’ను (ఎడమపక్క ఉన్నవి రోగి గమనించకపోవడం) ఒకరు ‘అర్ధ నిర్లక్ష్యం’ అని రాశారు. ఇంకొకరు దాన్ని కొట్టేసి ‘ఎడమ కంటిచూపు పోవడం’ అన్నారు. ఏది ఉంచమంటారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: రెండూ తీసేయండి. మొదటిది రోగి మీద నేరం మోపుతుంది. రెండోది జబ్బునే మార్చేస్తుంది.

‘నిర్లక్ష్యంగా వాహనం నడిపి’ అని పోలీసు కేసులో రాసేది తప్పు డ్రైవరుదేనని చెప్పడానికి. ‘వాడికి నిర్లక్ష్యం ఎక్కువ’ అన్నా అది తిట్టే. ‘ఉపేక్ష’ అంటే చూసి కూడా ఊరుకోవడం, ‘అశ్రద్ధ’ అంటే మనసు పెట్టకపోవడం. అన్నిట్లోనూ మనిషి కావాలని చేసిందో, చేయగలిగీ చేయనిదో ఉంది. ఈ రోగి సంగతి అది కాదు. ఆకులో కుడి సగం అన్నం ఊడ్చినట్టు తినేసి, ఎడమవైపు వడ్డించిన పప్పూ గోంగూరా అలాగే ఉండగా ‘కూరేదీ?’ అని అడుగుతాడు. ఆకు అటుదిటు తిప్పితే అవీ తింటాడు. గడ్డం కుడి చెంపకే గీసుకుంటాడు. చొక్కా ఎడమ చెయ్యి తొడుక్కోడు. ఎడమపక్క నిలబడి పిలిస్తే పలకడు. ఇంట్లోవాళ్ళు ఎలాగూ ‘మొండికేస్తున్నాడు’ అంటారు. కరపత్రం కూడా ‘నిర్లక్ష్యం’ అంటే వాళ్ళ మాటకు అచ్చు వేసినట్టే.

ఇక చూపు సంగతి. రెండు కళ్ళూ రెండు పక్కలనూ చూస్తాయి. కాబట్టి ‘ఎడమ కన్ను పోయింది’, ‘ఎడమవైపు చూపు పోయింది’ అనేవి రెండూ వేర్వేరు. ఎడమవైపు చూపు మాత్రమే పోయినవాడికి సాధారణంగా ఆ లోటు త్వరగానే తెలుస్తుంది, మెడ తిప్పి వెతుక్కుంటాడు. నెగ్లెక్ట్ ఉన్నవాడికి వెతకాలనే తోచదు, అతని లెక్కలో అటుపక్కే లేదు. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి, అది వైద్యుడు తేల్చాలి.

ఇది కంటి జబ్బు కాదనడానికి ఒక్క రుజువు చాలు. 1978లో ఇటలీకి చెందిన బిసియాక్, లుజ్జాటి అనే పరిశోధకులు ఇద్దరు రోగులను మిలాన్‌లోని కేథడ్రల్ ముందున్న మైదానాన్ని ఊహించుకుని వర్ణించమన్నారు. కేథడ్రల్‌కు ఎదురుగా నిలబడ్డట్టు ఊహించుకున్నప్పుడు వాళ్ళు ప్రధానంగా కుడివైపువే చెప్పారు. కేథడ్రల్ గుమ్మంలో నిలబడి ఇటు చూస్తున్నట్టు అనుకోమంటే, ఇందాక వదిలేసినవి చెప్పి, ఇందాక చెప్పినవి వదిలేశారు. మన ప్రకాశం బ్యారేజీకి అన్వయించుకోండి. విజయవాడ గట్టు నుంచి సీతానగరం వైపు నడుస్తున్నట్టు ఊహించుకోమంటే అలాంటి రోగి కుడివైపు నిండు నీళ్ళూ భవానీ ద్వీపమూ చెప్పి, ఎడమవైపు రైలు వంతెన ఊసెత్తడు. సీతానగరం నుంచి ఇటు రమ్మంటే రైలు వంతెన చెప్తాడు, భవానీ ద్వీపం వదిలేస్తాడు. జ్ఞాపకమూ ఉంది, మాటా ఉంది. లేనిది ఎడమవైపు ధ్యాస.

అందుకే నా మొగ్గు ఆ మాటకే. ‘నిద్రలేమి’ పత్రికల్లో ఎప్పుడో స్థిరపడింది, అదే అచ్చులో ‘ఎడమ ధ్యాసలేమి’ అనండి. వాక్యంలో ‘ఆయనకు ఎడమవైపు ధ్యాస ఉండదు’ అంటే ఎవరికైనా తెలుస్తుంది. ‘పరాకు’ కూడా బాగానే ఉంది గానీ, పరాకు ఒక పిలుపుతో పోతుంది. ఇది పోదు. (రాజుగారి సభలో అదే ‘పరాకు’ జాగ్రత్త సుమా అనే హెచ్చరిక! ఆ చిక్కు మనకెందుకు.) ‘ఏమరుపాటు’కూ అదే అభ్యంతరం, అది క్షణకాలపుది.

‘పెరైటల్ లోబ్’ అలాగే ఉండనివ్వండి. లాటిన్ మూలానికి అర్థం గోడే గనుక ‘కుడ్య లంబిక’ అనడం పాఠానికి సరిపోతుంది, కరపత్రానికి కాదు. ‘నడినెత్తికి కాస్త వెనకగా, రెండు పక్కలా ఉండే మెదడు భాగం’ అంటే చాలు. ఎడమ భాగం ముఖ్యంగా కుడిపక్కనే కనిపెడుతుంది, కుడి భాగం రెండు పక్కలనూ. ఎడమది దెబ్బతింటే కుడిది చాలావరకు సర్దుకుంటుంది, కుడిది దెబ్బతింటే ఎడమపక్కను చూసుకునే దిక్కుండదు. ఎడమ ధ్యాసలేమి ఎక్కువగా, గట్టిగా కనిపించేది ఇందుకే.

ఇంట్లో గమనించే వీలుగా రెండు గుర్తులు రాయండి. తెల్లకాగితం మీద 20 సెంటీమీటర్ల అడ్డగీత గీసి నడిమధ్యన గుర్తు పెట్టమంటే, గుర్తు బాగా కుడికి జరుగుతుంది. గడియారం బొమ్మ వేయమంటే అంకెలన్నీ కుడి సగంలో ఇరుకుతాయి. చదువులోనూ తేడా తెలుస్తుంది. మన రాత ఎడమ నుంచి మొదలవుతుంది కాబట్టి పోయేది మాట మొదలే. బస్సు బోర్డు మీద ‘విజయవాడ’ను ‘వాడ’ అని చదవవచ్చు. పేపరు చదివేటప్పుడు ప్రతి వరుసా మధ్యలోంచి అందుకుని, అర్థం కావట్లేదని విసుక్కుంటాడు. పేజీ ఎడమ అంచున దళసరిగా ఎర్ర గీత గీసి, అది కనబడేదాకా తల తిప్పాకే చదవడం మొదలుపెట్టమని చికిత్సకులు సాధన చేయిస్తారు. ఎర్ర మార్జిన్ ఉన్న స్కూలు నోటుపుస్తకం అందుకు పనికొస్తుంది.

‘చెయ్యి మొద్దుబారింది’ అని మీ చిత్తుప్రతిలో ఉన్నచోట కూడా జాగ్రత్త. కళ్ళు మూసుకున్నప్పుడు చేతిలో పెట్టింది ముట్టుకున్నట్టు తెలిసి, అది తాళంచెవో రూపాయి బిళ్ళో తేల్చలేకపోతే అది మొద్దుబారడం కాదు. అక్కడ ‘తడిమి గుర్తుపట్టలేకపోవడం’ అని రాయండి.