తాతయ్య కారుకి డీజిల్ ఇంజనా?

గోపాలపట్నం,
ఆదివారం ఉదయం

చిరంజీవి కిట్టూకి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. ఆ కబురూ ఈ కబురూ చెప్పి, పెట్టేసే ముందు "వీడు నాన్నగారి కారుకి డీజిల్ ఇంజన్ పెట్టిస్తాడట, నువ్వైనా చెప్పన్నయ్యా" అన్నాడు. వద్దని చెప్పమన్నాడో, ఎలా చెయ్యాలో చెప్పమన్నాడో నాకర్థం కాలేదు. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. సగం భయం, సగం సంబరం. హుద్‌హుద్ తుఫానుకి బాదం చెట్టు విరిగి టాపు మీద పడినప్పుడు మీ నాన్న ఆ కారుని తూకానికి ఇచ్చేద్దామన్నాడు, గుర్తుందా? పదమూడేళ్ళ గుంటడివి, వెనక సీట్లో కూర్చుని దిగనంటే దిగనన్నావు. ఆ రోజు నువ్వు దిగి ఉంటే ఇవాళ నాకీ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

ముందు కాగితాల సంగతి. తాతయ్య కారు 1972 మోడల్ అంబాసిడర్, మార్క్ 2. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్ళు దాటిన బండిని వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చని 2021లో కేంద్రం రూల్ తెచ్చింది. అయితే ఇంజన్, ఛాసిస్, బాడీలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే పెట్రోల్ ఇంజన్ దించిన రోజునే మన కారుకి ఆ అర్హత పోతుంది. వింటేజ్ నంబరు తీసుకుంటే ర్యాలీలకీ ప్రదర్శనలకీ తప్ప రోజూ తిప్పకూడదు కాబట్టి నీకది అక్కర్లేదేమో. అక్కర్లేకపోతే సరే, కానీ తెలిసి వదులుకో. ఇక కంపెనీ ఇచ్చినదానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది చట్టం సవరించి ఒక్కో మార్పుకి అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు అని రాశారు. అందుకని ఇంజన్‌కి అడ్వాన్స్ ఇవ్వక ముందే ఆర్టీవో ఆఫీసుకెళ్ళి కాగితం మీద అడుగు, జవాబు కాగితం మీదే తీసుకో. వద్దంటే అక్కడితో ఆపెయ్, ఆ పెట్రోల్ ఇంజన్‌కే బోరు చేయిద్దాం, అంటే అరిగిన సిలిండర్లు సాపు చేయిద్దాం, ఖర్చులో సగం నాది. ఒప్పుకుంటే ఆర్‌సీలో ఇంధనం, ఇంజన్ నంబరు మార్పించి, ఇన్సూరెన్స్ వాళ్ళకీ చెప్పు. చెప్పకుండా తిప్పితే, ఏదైనా జరిగిన రోజున వాళ్ళు చేతులెత్తేస్తారు.

డబ్బు ఆదా కోసమైతే మాత్రం నాకు నవ్వొస్తుంది. నేను టాక్సీ తోలిన రోజుల్లో పెట్రోలు పక్కన డీజిల్ బాగా చవక. 2014లో డీజిల్ ధర మీద సర్కారు పట్టు వదిలేసింది, ఆ తేడా ఇప్పుడెక్కడుంది? నా బండి పెట్రోలుకి తొమ్మిది కిలోమీటర్లిచ్చేది, డీజిల్‌కి పదమూడిచ్చింది. నువ్వు వారానికోసారి భీమిలి దాకా వెళ్ళొస్తే ఇంజన్ డబ్బులు రావడానికి నీకు మనవలు పుట్టాలి.

సరే, చేస్తావనే అనుకుందాం.

ఇసుజు రెండు లీటర్ల డీజిల్ వెతుకు. కంపెనీ వాళ్ళే అంబాసిడర్లో దాన్ని పెట్టి అమ్మారు, కాబట్టి మౌంటింగ్‌లకి తంటాలు తక్కువ. ఆటోనగర్లో ఎవరో ఒకరు మ్యాటడోర్ వ్యాను ఇంజన్ పెట్టుకోమంటారు. మొండి ఇంజనే, కాదనను, కానీ ఆ బరువుకి మీ కారు మూతి నేల చూస్తుంది. ఏది కొన్నా గేర్‌బాక్సు, స్టార్టర్, రేడియేటర్, ఆల్టర్నేటర్ అన్నీ ఒకే బండివి తీసుకో. ఆల్టర్నేటర్ అన్న మాట కింద గీత గీసుకో, ఎందుకో చెప్తాను.

అంబాసిడర్‌కి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. మీ పెదవాల్తేరు గాలికి ఇనుము ఎలా తినేస్తుందో మీ గేటు చూస్తే తెలుస్తుంది. ఇంజన్ కూర్చునే రెండు పక్కలా, ఫ్లోర్ కిందా స్క్రూడ్రైవర్ పెట్టి గట్టిగా పొడు. లోపలికి దిగిందంటే ముందు టింకరింగ్, ఆ తర్వాతే ఇంజన్. బ్యాటరీ పెద్దది పెట్టాలి, కేబుల్ లావుది వెయ్యాలి. వెనక యాక్సిల్ రేషియో మార్చకపోతే యాభై దాటగానే ఇంజన్ అరుస్తుంది. పాత ట్యాంకుకి, మిగిలిన డీజిల్ వెనక్కొచ్చే రిటర్న్ పైపు కోసం వెల్డింగ్ పెట్టించకు. పెట్రోలు ఆవిరి ఉన్న ఖాళీ ట్యాంకు బాంబుతో సమానం, కొత్త ట్యాంకు కట్టించు. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ లైన్లో గాలి తీయాలి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొట్టడమే. తాళం తిప్పితే పెట్రోల్ ఇంజన్‌కి నిప్పురవ్వ ఆగుతుంది. డీజిల్ ఇంజన్ ఆగాలంటే లోపలికెళ్ళే డీజిలే ఆగాలి, కాబట్టి దాన్ని ఆపే స్టాప్ సోలినాయిడ్ వైరు రెండుసార్లు చూసుకో.

ఇక బ్రేకు. ఇది నింపాదిగా కూర్చుని చదువు.

2002లో నా టాక్సీకి ఇదే పని చేయించాను. యాక్సిడెంట్ అయిన డీజిల్ అంబాసిడర్ ఒకటి ఆటోనగర్లో దొరికింది. ఇంజన్, గేర్‌బాక్సు, ముందు డిస్క్ బ్రేకులు, పెడల్ మీద కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టర్ అన్నీ ఎత్తుకొచ్చాను. ఆల్టర్నేటర్ మాత్రం అప్పటికే ఎవరికో అమ్మేశాడట. పోతే పోయింది, ఇంట్లో ఒకటుందిగా, కరెంటు పుడితే చాలుగా అనుకున్నాను. డీజిల్ బండి ఆల్టర్నేటర్ వెనక గుండ్రంగా, కొబ్బరి చిప్పంత ఒకటి ఉంటుంది. అది వాక్యూమ్ పంపు, బూస్టర్లోంచి గాలి లాగేస్తుంది, బూస్టర్‌కి ప్రాణం అదే. నాకు తెలియదు. మా మెకానిక్కు పుట్టినప్పటి నుంచీ పెట్రోల్ బళ్ళే చేసినవాడు, ఆయనకీ తెలియదు. బూస్టర్ పైపుని పెట్రోల్ బండికి ఇచ్చినట్టే ఇంజన్‌కి గాలి వెళ్ళే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి ఇచ్చేశాడు. పెట్రోల్ ఇంజన్లో కాలు తీయగానే కార్బొరేటర్ తలుపు మూసుకుంటుంది, లోపల వాక్యూమ్ పుడుతుంది. ఆ డీజిల్ ఇంజన్‌కి తలుపే లేదు, గాలి ఎప్పుడూ ధారాళంగా పోతూనే ఉంటుంది. ఆ పైపు అక్కడ బిగించినా ఒకటే, దండెం మీద ఆరేసినా ఒకటే.

పెడల్ గట్టిగానే ఉండేది. "కొత్త ప్యాడ్లన్నా, సెట్ అవుతాయి" అన్నాడు. పదిహేను రోజులు జగదాంబ, ద్వారకానగర్, స్టేషన్ తిరిగాను. ఊళ్ళో ముప్ఫై దాటం కదా, కాలు కాస్త గట్టిగా నొక్కితే ఆగేది. సంపత్ వినాయకుడి గుడి ముందు నిమ్మకాయలు కూడా తొక్కించాను.

అప్పుడు నీకు పుట్టువెంట్రుకలు తీయించడానికి సింహాచలం వెళ్ళాం. అవును, ఆ బండిలోనే. ముందు మీ నాన్న, వెనక మీ అమ్మ, మీ నానమ్మ ఒళ్ళో నువ్వు. గుండుకి గంధం రాసి ఉంది, నిద్రపోతున్నావు. కొండ దిగేటప్పుడు డీజిల్ మిగుల్తుందని న్యూట్రల్ చేశాను. ఇన్నేళ్ళయినా ఈ ముక్క రాయడానికి చెయ్యి రావడం లేదు. రెండు మలుపులు బాగానే దిగాం. మూడో మలుపులో ముందు బస్సు వెళ్తోంది. పెడల్ తొక్కితే రాయి తొక్కినట్టుంది. మాడిన లైనింగ్ వాసన. రెండు కాళ్ళూ పెట్టి తొక్కాను, సీటు మీంచి లేచిపోయాను గానీ బండి ఆగలేదు. హ్యాండ్ బ్రేక్ లాగి, ఇంజన్ గోల పెడుతున్నా సెకండ్ గేర్లోకి కొట్టి, కొండ వైపు గోడకి ఎడమ పక్క రాయించి ఆపాను. బస్సుకీ మాకూ మధ్య నువ్వు పడుకునేంత చోటుంది.

మీ నానమ్మ కిటికీలోంచి చూసి "ఇక్కడ ఆపావేట్రా, కొబ్బరికాయ కొట్టాలా?" అంది. నువ్వు లేవనే లేదు. నా ఎడమ కాలు పావుగంట ఆగకుండా వణికింది. మీ నాన్న దిగి, నలిగిన మడ్‌గార్డ్ చూసి, ఏమీ అనకుండా వచ్చి కూర్చున్నాడు. గేదె అడ్డొచ్చిందని మీ పెద్దమ్మకి చెప్పాం. ఫోన్లో వాడు ఆఖరి మాటగా ఎందుకన్నాడో ఇప్పుడర్థమైందా?

మర్నాడు మెకానిక్కుని నలుగురిలో తిట్టాను. వారం తర్వాత వెళ్ళి తప్పు నాది కూడా అన్నాను. ఆయన టీ తెప్పించాడు, ఇద్దరం దాని గురించి మళ్ళీ మాట్లాడుకోలేదు.

కాబట్టి పంపు ఉన్న ఆల్టర్నేటరే పెట్టించు. దానికి ఇంజన్ నుంచి ఆయిల్ పైపు వస్తుంది, అది కారితే ఇంజన్లో ఆయిల్ ఖాళీ అయ్యి సీజ్ అవుతుంది. బెల్టు తెగినా బ్రేకు రాయి అయిపోతుంది, డిక్కీలో ఇంకో బెల్టు ఉండాలి. బండి షెడ్డులోంచి బయటికి తీయక ముందు ఈ పరీక్ష చెయ్యి: ఇంజన్ ఆపి పెడల్ అయిదారుసార్లు తొక్కు, గట్టిపడుతుంది. కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చెయ్యి. పెడల్ కాలి కింద కొంచెం దిగాలి. దిగకపోతే తాళం తీసి జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళిపో. ఘాట్‌లో న్యూట్రల్ చేశావని తెలిస్తే పెదనాన్ననని కూడా చూడకుండా కొడతాను.

పాత ఇంజన్ మాత్రం ఎవరికీ అమ్మకు. స్పార్క్ ప్లగ్గుల కంతల్లో ఇంత ఆయిల్ పోసి, గోనె చుట్టి దాచు. తాతయ్య ఆదివారాలు కిరసనాయిలు గుడ్డతో దాన్ని తుడుస్తూ, రేడియో పెట్టుకుని, మమ్మల్ని స్పానర్ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నాకు పదహారేళ్ళప్పుడు మొదటిసారి చేతికిచ్చాడు. ఆ స్పానర్ నా దగ్గరే ఉంది, నీకిస్తాను.

పంపు ఉన్న ఆల్టర్నేటర్ కోసం నువ్వు ఆటోనగర్ అంతా తిరగక్కర్లేదు. టాక్సీ అమ్మేసే ముందు దానిది విప్పి ఉంచుకున్నాను, అటక మీద ఉంది. పెద్దమ్మ దాన్ని ఇనప సామానుకి వెయ్యబోతే రెండుసార్లు ఆపాను. వచ్చే ఆదివారం రా, వంజరం పులుసు పెడతానంటోంది. కారు మాత్రం తోలుకురాకు, బస్సెక్కి రా. బరువుగా ఉంటుంది, గట్టి సంచీ తెచ్చుకో.

మీ పెదనాన్న