ఒకే ఇంట్లో ఒక్కరికే ఎందుకు?

ప్రశ్న: మా మామగారికి ఊపిరితిత్తుల క్షయ అని తేలింది. ఏళ్ల తరబడి క్రషర్‌లో పనిచేసిన మనిషి. షుగరుంది, బీడీ మానలేదు. బీడీలే కొంప ముంచాయంటారు అత్తగారు. ఆశా కార్యకర్త క్రిమి అంటుంది. క్రిమే అయితే అదే ఇంట్లో ఉన్న మా ఐదుగురికీ రాలేదేం? బీడీయే అయితే ఎదురింటి తాత గుండ్రాయిలా ఉన్నాడేం?
– ఒక కోడలు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: అమ్మా, ఇద్దరి మాటా నిజమే. క్షయ క్రిమి లేనిదే క్షయ రాదు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ ఆ క్రిమిని కనిపెట్టినట్టు ప్రకటించాడు. కానీ అది ఒంట్లో చేరిన 100 మందిలో జీవితకాలంలో జబ్బు పడేది సుమారు 5 నుంచి 10 మందే. మిగతావారిలో అణిగి ఉంటుంది. మీ ఇంట్లోనూ ఎవరికైనా చేరే ఉండొచ్చు.

అంటే క్రిమి తప్పనిసరే గానీ, అదొక్కటే చాలదు. రాతిపొడి, షుగరు, పొగ, అర్ధాకలి, హెచ్‌ఐవీ, ఇలాంటివి ఒకటో రెండో తోడవ్వాలి. ఎవరికి ఏవి తోడవుతాయో వేరు. బీడీ వాసనే గిట్టని బాలింతకు తిండిలేమి తోడైతే చాలు. ఎదురింటి తాతకు బీడీ ఉన్నా మిగతావి కలిసి రాలేదు. 1976లో కెన్నెత్ రాత్‌మన్ అనే అమెరికా వైద్య పరిశోధకుడు దీన్ని ముక్కలు కోసిన వృత్తంగా గీసి చూపించాడు. ముక్కలన్నీ చేరితేనే జబ్బు. ఏ ఒక్కటి తీసేసినా ఆ దారిన జబ్బు రాదు.

నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యం ఆ చివరి మాటే. కొండ ఊళ్ల నుంచి వచ్చే రోగులను బరువు మిషన్ ఎక్కిస్తే ముల్లు నలభై దాటదు. అలాంటి మనిషిని పట్టుకుని ‘తాగుతాడు, అందుకే’ అంటే నాకు ఒళ్లు మండుతుంది. జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇంటివాళ్లకు నెలనెలా బియ్యం, పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చి చూశారు. ఆ సంచుల్లో క్రిమిని చంపే మందేమీ లేదు. అయినా అవి అందని ఇళ్లతో పోలిస్తే వాళ్లలో కొత్తగా క్షయ 39 శాతం తగ్గింది. 2023లో ఆ ఫలితాలు వెలువడ్డాయి.

ముందు మీ ఐదుగురూ పరీక్ష చేయించుకోండి. జబ్బు లేదని తేలాక, రాకుండా వేసుకునే మందుల గురించి ప్రభుత్వాసుపత్రిలో అడగండి, ఉచితమే. క్షయ రోగుల తిండి కోసం ప్రభుత్వం మామగారి ఖాతాలో వేసే నెలకు 1000 రూపాయలు గుడ్లకూ పప్పుకూ పోవాలి. షుగరు అదుపులో ఉండాలి. బీడీ మానించండి, మంచిదే. కానీ క్రషర్ దగ్గర దుమ్ము లేవకుండా నీళ్లు కొడుతున్నారా అని ఎవరూ అడగరు. మీ ఆయన కూడా అక్కడికే పనికి వెళ్తుంటే, బీడీ కట్ట కంటే ముందు ఆ సంగతి చూడండి.