కొమెర్యా కాదు చిన్నీ, కొ-మె-రీ-అ

చిన్నీ,

నువ్వు పంపిన ఆడియో రెండుసార్లు విన్నాను. అంతా బాగానే ఉంది కానీ స్పానిష్‌లో ‘ఉంటే తినేవాణ్ణి’ అనే కొమెరీఅ రావాల్సిన ప్రతిచోటా ‘కొమెర్యా’ అంటున్నావు. మన నోటికి రెండు అచ్చులు పక్కపక్కన పడవు, మా అమ్మ ‘మాయమ్మ’ అయినట్టు మధ్యలో యడాగమం వచ్చి కూర్చుంటుంది. స్పానిష్‌లో అక్కడ ‘య’ రానివ్వకు. కొ-మె-రీ-అ, నాలుగు ముక్కలు, ఊనిక ‘రీ’ మీద. ‘మేము’ అయితే కొ-మె-రీ-అ-మొస్, ఐదు. ఇ మీద చుక్కకు బదులు వాలుగీత పెట్టేది ఇందుకే, అది లేకపోతే రెండు అచ్చులూ కలిసి ఒక్క ముక్కయిపోతాయి. ‘వైపు’ అనే మాట ఆ-స్య, ‘రోజూ చేసేవాడు’ అంటే అ-సీ-అ, అక్షరాలు అవే, తేడా గీతది. నేను, నువ్వు, మేము లాంటి ఆరు రూపాల్లోనూ గీత ఉండాల్సిందే.

పట్టిక బట్టీ పట్టకు. కొమెర్ (తినడం) అనే పూర్తి క్రియను అలాగే ఉంచి, చివర ఈఅ తగిలించు. ఆ ఈఅ ఒకప్పటి ‘అబీఅ’ అనే సహాయక క్రియ అరిగిపోగా మిగిలింది, అందుకే ముందున్న క్రియ చెక్కుచెదరలేదు. కొమీఅ, కొమెరీఅల దగ్గర మాత్రం జాగ్రత్త. మనం ‘రోజూ తినేవాణ్ణి’ అన్నా ‘ఉంటే తినేవాణ్ణి’ అన్నా ఒకటే రూపం కాబట్టి తెలుగులో ఆలోచిస్తే తప్పకుండా తడబడతావు. రోజూ తినడం కొమీఅ, ఉంటే తినడం కొమెరీఅ.

దారి తప్పే, అంటే ఈఅ ముందు మొదలు మారిపోయే క్రియలు ఓ డజను, వాటి మొదళ్లు భవిష్యత్ కాలంలోనూ అవే, ఒకసారి నేర్చుకుంటే రెండిటికీ సరిపోతుంది. ముక్కలుగా విడగొట్టడంలో, పొదెర్ (చేయగలగడం) నుంచి వచ్చిన పొ-ద్రీ-అ మన రాతలాగే విరుగుతుంది. కానీ ‘బయటికెళ్లడం’ అనే సాలిర్‌ది సల్-ద్రీ-అ. మనమైతే మూడు హల్లులనూ ‘ల్ద్రీ’ అని ఒకే అక్షరంగా రాసేస్తాం, వాళ్లకు ద్ర విడదు, ల్ మాత్రం ముందున్న ముక్కకే పోతుంది. తెనెర్, పొనెర్ నుంచి వచ్చిన తెన్-ద్రీ-అ, పొన్-ద్రీ-అ కూడా అంతే.

పరీక్షలో వరస చివర మాట విరగాల్సి వస్తే చివరి అ ని ఒంటరిగా కింది వరసకు దించకు. పలకడంలో వేరే ముక్కే అయినా రాతలో రెండు అచ్చుల మధ్య విరవకూడదు. ‘కొమె’ దగ్గర విరిచి ‘రీఅ’ మొత్తం కిందికి తీసుకెళ్లు.

ఇంకొకటి, కెరీఅ అంటే ‘కావాలనుకున్నాను’, కె-ఱీ-అ అంటే ‘వీలైతే కావాలనుకునేవాణ్ణి’. రాతలో రెండు ర లు కనిపించినా మన బండి ఱ లాగా అది ఒకటే హల్లు, మధ్యలో చీల్చకు, నాలుక గట్టిగా అదరాలి. రేపు ఈ రెండూ పదేసిసార్లు పలికి ఆడియో పంపు.

మీ పిన్ని