చెట్టు పోయినందుకు కాదు, చింతపండు పోయినందుకు

ప్రశ్న: మనిషి అత్యాశ ప్రకృతిని ఎలా పాడుచేస్తుందో చూపించే పాత కథ ఏదైనా చెప్తారా?

ఇలా అడిగితే అందరూ టాల్‌స్టాయ్ కథే చెప్తారు, పొద్దుగుంకేలోపు నడిచినంత నేల తనదవుతుందని పరిగెత్తి చచ్చిపోయిన పాహోమ్ కథ. కానీ అందులో పోయింది మనిషి ప్రాణం, నేలకేమీ కాలేదు. పైగా పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులవాళ్ళు దాన్ని అరగదీసి వదిలారు. నన్నడిగితే రష్యన్ రచయిత చెహోవ్ 1894లో రాసిన ‘రోత్‌షీల్డ్ ఫిడేలు’ చదవండి.

అందులో యాకోవ్ శవపేటికలు చేస్తుంటాడు. ఆయనకి రోజూ నష్టాల లెక్కే. ఆదివారం పని చెయ్యకూడదు, నష్టం. రెండేళ్ళుగా మంచాన ఉన్న పోలీసు అధికారి తీరా వేరే ఊరెళ్ళి అక్కడ చచ్చిపోయాడు, నష్టం. మొత్తం వెయ్యి రూబుళ్ళు తేలితే, అది బ్యాంకులో వేసుంటే వచ్చే 40 రూబుళ్ళ వడ్డీ కూడా నష్టమే. భార్య మార్ఫా ప్రాణంతో ఉండగానే కొలతలు తీసుకుని పెట్టె చేసి, 2 రూబుళ్ళ 40 కోపెక్కులని పుస్తకంలో రాసుకుంటాడు.

హాస్టల్లో ఇది చదువుతుంటే మా నాన్న కళ్ళముందు కనిపించాడు.

మా దొడ్లో తాత నాటి చింతమాను ఉండేది. వానాకాలం వస్తే దాని నిండా కొంగల గూళ్ళే. రెట్టల కంపని అమ్మ రోజూ తిట్టేది, అది వేరే సంగతి. ‘నీడకి కింద ఏదీ పండట్లేదు, ఏటా నష్టం’ అని 2009లో నాన్న దాన్ని ఇటుక బట్టీ వాళ్ళకి అమ్మేశాడు. డబ్బుకి ఇబ్బందేమీ లేదు అప్పుడు. శ్రావణమాసం, ఆదివారం. మిషన్ రంపం పొద్దున మొదలైతే మధ్యాహ్నానికి మాను పడింది. లేత నీలం గుడ్లు పగిలి ఆకులకంతా సొన అంటుకుంది. ఈకలింకా రాని పిల్లొకటి నోరు తెరుచుకుని అరుస్తుంటే చెల్లి బుట్ట కింద పెట్టింది. తెల్లారేసరికి చచ్చిపోయింది. నాన్న అరుగు మీద కూర్చుని నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, పాకెట్ డైరీలో ‘చింతమాను – 9,000’ అని రాసుకున్నాడు.

పర్యావరణ కథలంటూ ఇప్పుడు రాసేవాటిలో కోరలున్న కాంట్రాక్టర్ ఒకడుంటాడు, చివర్లో బుద్ధి తెచ్చుకుంటాడు. నాకవి నచ్చవు. చెట్లు కొట్టించేది ఎక్కువగా మా నాన్నలాంటి జాగ్రత్తపరులే.

యాకోవ్ కూడా అంతే. మార్ఫాని పాతిపెట్టాక నది ఒడ్డుకి వెళ్తాడు. కాకిగూళ్ళున్న ముసలి విల్లో చెట్టొకటి మిగిలింది. అవతలి గట్టున ఒకప్పుడు పెద్ద బర్చి అడవి, దూరంగా గుట్టమీద పైన్ అడవి, నీళ్ళలో పడవలు. ఇప్పుడంతా బోసిగా ఉంది. ఇక ఏడుస్తాడనుకుంటాం. ఆయన లెక్కలు మొదలెడతాడు! ఇక్కడ చేపలు పట్టి అమ్ముకోవాల్సింది, పెద్దబాతులు పెంచి, కోసి మాస్కో పంపాల్సింది, ఒక్క ఈకల మీదే ఏడాదికి పది రూబుళ్ళు. అడవులెందుకు నరికారని అడుగుతాడు, అదీ నష్టాల జాబితాలోనే. పశ్చాత్తాపం కూడా రూబుళ్ళలోనే.

మొన్న సంక్రాంతికి నాన్న కిరాణా కొట్టు నుంచి వచ్చి సంచి బల్ల మీద పడేశాడు. ‘చింతపండు కిలో 180 అంటరా! ఆ మానుంటే మనం కొనేవాళ్ళమా?’ ఇన్నేళ్ళకి ఎంతైందో చూడమని నా ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయించాడు. వడ్డీతో కలిపి.