మనం మనలా ఉంటూ నాయకత్వం చేయడంలో పెంపకం పాత్ర ఎంత?

నటించకుండా టీమ్‌ని నడిపించే గుణం పుట్టుకతో వస్తుందా, పెంపకం వల్లనా అన్నది ప్రశ్న.

రెండూ ఉన్నాయి. కవలల మీద జరిగిన అధ్యయనాల ప్రకారం, మనుషుల స్వభావాల్లో కనిపించే తేడాల్లో సుమారు 40 నుంచి 50 శాతం జన్యువుల వల్ల వచ్చేవే. కలుపుగోలుతనం, ఊరికే టెన్షన్ పడటం లాంటివన్నమాట. పెంపకం పని వేరు. ఆ స్వభావాన్ని బయటపెట్టొచ్చా, దాచుకోవాలా అన్నది అది నేర్పుతుంది. బ్రిటిష్ పిల్లల వైద్యుడు, మానసిక విశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1960లో దీన్నే 'అసలు నేను', 'నకిలీ నేను' అని విడదీసి వివరించారు.

ఏడిస్తే కసురు, మాట వింటేనే మెప్పు దొరికిన పిల్లలు పెద్దల ముఖం చూసి నడుచుకోవడం నేర్చుకుంటారు. వాళ్లే మేనేజర్లయ్యాక మీటింగ్‌లో అన్నిటికీ తలూపి, ఆ తర్వాత లోలోపల కుమిలిపోతుంటారు. తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందనుకునేవాళ్లూ ఉంటారు.

మితభాషి గలగలా మాట్లాడేవాడిలా నటించక్కర్లేదు. ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి నిర్ణయం తీసుకున్నా అది నాయకత్వమే. అలాగని 'నేనింతే' అంటూ నోటికొచ్చింది అనేయడాన్ని నేను నిజాయితీ అనను, బద్ధకం అంటాను.

ఈ వారం ఇష్టం లేకుండా 'సరే' అన్న సందర్భాలు రాసుకోండి. ఎవరేమనుకుంటారని అలా అన్నారో పక్కనే రాయండి.